ఉద్యోగం మారాక కంపెనీ రహస్యాలు: కోర్టు కాగితం వస్తే ఎలా చదవాలి?

 

బులెటిన్‌కు ఒక పాఠం రాయమని మన కార్యవర్గం నాకు పని అప్పగించింది. విద్యా ఋణం ఎలా తీసుకోవాలి, ఆదాయ ధ్రువపత్రానికి ఏ కాగితాలు కావాలి వంటివి ఇంతకు ముందు రాశాను. అవి బ్యాంకు గుమాస్తాగా నాకు బాగా తెలిసిన సంగతులు. ఈసారి రాస్తున్నది అలాంటిది కాదు. తెలుసు అనుకుని, సరిగా తెలియక, ఒక పిల్లవాడి ఉద్యోగానికే ఎసరు పెట్టబోయిన సంగతి. కొంచెం పెద్దదయింది, ఓపికగా చదవండి.

మన హెబ్బగోడి పరిస్థితి మీకు చెప్పనక్కరలేదు. ఇటు బొమ్మసంద్ర, జిగణి పారిశ్రామికవాడలు, అటు ఎలక్ట్రానిక్ సిటీ, అత్తిబెలె దాటితే హోసూరు. మన పిల్లలు చదువు అవగానే ఇక్కడే ఏదో ఒక కంపెనీలో చేరుతున్నారు. రెండు మూడేళ్లకు నాలుగు వేలు ఎక్కువ ఇస్తామంటే పక్క గేటులోకి మారుతున్నారు. అందులో తప్పేమీ లేదు. మా రోజుల్లో బ్యాంకులో చేరినవాడు బ్యాంకులోనే రిటైరయ్యేవాడు, ఇప్పుడు అలా కాదు. అయితే ఒకే రకం సరుకు చేసే కంపెనీలు గోడకు గోడ ఆనుకొని ఉన్నచోట, మనిషితో పాటు రహస్యం కూడా గోడ దాటుతుందేమోనని యజమానులకు భయం ఉంటుంది. ఆ భయంతోనే అపాయింట్‌మెంట్ ఆర్డరులో షరతులు రాస్తారు. ఆ షరతులు మీరారని అనిపిస్తే కోర్టుకు వెళతారు.

2022లో ఒక ఆదివారం ఉదయం, మన స్కాలర్‌షిప్‌తో బి.ఎస్‌సి. కెమిస్ట్రీ పూర్తి చేసిన ఒక అబ్బాయిని వెంటబెట్టుకొని అతని తండ్రి మా ఇంటికి వచ్చారు. ఆయన లేత్ మిషను మీద పనిచేస్తారు, కుప్పం వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ కుటుంబం. చేతిలో దళసరి కవరు. "సార్, మావాడు ఒక్క రూపాయి కూడా ముట్టుకోలేదు. కోర్టు నుంచి కాగితం వచ్చింది. ఇంట్లో ఆమె రాత్రి నుంచి అన్నం తినలేదు" అన్నారు. అబ్బాయి తల దించుకొని నిలబడ్డాడు. పెయింట్లకు వాడే రసాయనాలు చేసే ఒక చిన్న కంపెనీలో రెండేళ్లు పైచిలుకు పని చేసి, నోటీసు పీరియడ్ పూర్తి చేసి, రిలీవింగ్ లెటర్ తీసుకొని, మూడు వారాల క్రితమే హోసూరు దగ్గర జిగురు పదార్థాలు చేసే మరో కంపెనీలో చేరాడు. పాత కంపెనీ సివిల్ కోర్టులో దావా వేసింది.

కవరులో ముప్పై పేజీల పైన ఉన్నాయి. నేను కళ్లజోడు పెట్టుకొని చదవడం మొదలుపెట్టాను. చివరి పేజీల్లో, ప్రతివాది రెండేళ్లపాటు ఇదే రంగంలోని ఏ కంపెనీలోనూ పనిచేయకుండా నిషేధించాలి, అయిదు లక్షల రూపాయలు నష్టపరిహారం ఇప్పించాలి అని ఉంది. అబ్బాయి పాత అపాయింట్‌మెంట్ ఆర్డరులో కూడా ఆ రెండేళ్ల షరతు ఉంది, కింద అతని సంతకం ఉంది. నేను ముప్పై ఆరేళ్లు సంతకాలు సరిపోల్చి డబ్బు ఇచ్చిన మనిషిని. సంతకం పెట్టాక ఇంకేముంది అనుకున్నాను. "రేపటి నుంచి కొత్త కంపెనీకి వెళ్లకు బాబూ, కోర్టు ధిక్కారం అవుతుంది. పాత కంపెనీవాళ్ల దగ్గరికి వెళ్లి తప్పయిందని చెప్పి, మళ్లీ తీసుకోమని అడుగు" అని సలహా ఇచ్చాను. వాడు పాపం నా మాట మీద గౌరవంతో నాలుగు రోజులు డ్యూటీకి పోలేదు. ప్రొబేషన్‌లో ఉన్నవాడు చెప్పకుండా నాలుగు రోజులు పోకపోతే ఏమవుతుందో మీకు తెలుసు. కొత్త కంపెనీ నుంచి మెమో వచ్చింది.

అయిదో రోజు మన కార్యవర్గంలో ఉన్న వకీలు గారికి ఆ కవరు చూపించాను. ఆయన ముందు పేజీలు తిప్పలేదు, వెనక జత చేసిన రెండు పేజీలు విడిగా తీశారు. "మీరు చదివింది కంపెనీ అడిగింది. ఇది కోర్టు ఇచ్చింది. ఈ రెండూ ఒకటి కాదు సార్" అన్నారు. ఆ రెండు పేజీల్లో కోర్టు చెప్పింది ఇంతే: తదుపరి వాయిదా వరకు కంపెనీకి చెందిన రహస్య సమాచారాన్ని ప్రతివాది వాడకూడదు, ఎవరికీ చెప్పకూడదు, తన దగ్గర ఉన్న ప్రతులను చెరిపివేయకుండా ఉన్నవి ఉన్నట్టు ఉంచాలి. ఉద్యోగం చేయవద్దని ఎక్కడా లేదు. బి.కాం.లో వ్యాపార చట్టం చదివి పరీక్ష పాసయిన నేను, దావాలో కోరిన కోరికకూ కోర్టు ఇచ్చిన ఉత్తర్వుకూ తేడా చూడలేకపోయాను. సిగ్గుగా ఉన్నా చెబుతున్నాను, ఎందుకంటే ఇలాంటి కవరు చూసి భయపడే ప్రతి ఇంట్లోనూ ఇదే పొరపాటు జరుగుతుంది. కాబట్టి మొదట ఉత్తర్వు పేజీ వెతకండి. అందులో "చేయకూడదు" అన్న మాట ఏ ఏ పనులకు తగిలించారో ఒక్కొక్కటిగా పెన్సిలుతో గీత గీయండి. గీత పడనిది నిషేధం కాదు.

ఇలాంటి ఉత్తర్వును తాత్కాలిక నిషేధాజ్ఞ, అంటే టెంపరరీ ఇంజంక్షన్ అంటారు. సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో 39వ ఆర్డరు కింద ఇస్తారు. ఇచ్చే ముందు జడ్జి గారు మూడు సంగతులు చూస్తారు. కంపెనీ చెప్పేదాంట్లో పైకి చూడగానే కొంత నిజం కనిపిస్తోందా. ఉత్తర్వు ఇస్తే ఉద్యోగికి కలిగే ఇబ్బంది ఎక్కువా, ఇవ్వకపోతే కంపెనీకి కలిగే ఇబ్బంది ఎక్కువా. కలిగే నష్టం తర్వాత డబ్బుతో పూడ్చగలిగేదేనా. రహస్యం విషయంలో ఈ మూడోదే కంపెనీకి పెద్ద బలం. పోయిన సొమ్ము వసూలు చేయవచ్చు, బయటపడ్డ రహస్యాన్ని మళ్లీ రహస్యం చేయలేము. అందుకే ఒక్కోసారి ఉద్యోగికి కబురు చేయకుండానే, ఆలస్యమైతే ప్రయోజనం పోతుందని కారణం రాసి, ఏకపక్షంగా ఉత్తర్వు ఇస్తారు. అది తుది తీర్పు కాదు. అలా ఏకపక్షంగా ఇచ్చిన అర్జీని 30 రోజుల్లో తేల్చడానికి కోర్టు ప్రయత్నించాలని అదే ఆర్డరులో ఉంది. మీరు హాజరై, నా వాదన ఇది, ఉత్తర్వు ఎత్తివేయండి లేదా మార్చండి అని అడగవచ్చు. కానీ ఎత్తివేసే దాకా పాటించి తీరాలి. ఉల్లంఘిస్తే ఆస్తి జప్తు చేయవచ్చు, మూడు నెలల వరకు సివిల్ జైలులో ఉంచవచ్చు. దావా వేస్తారని ముందే అనుమానం ఉన్నవారు కేవియట్ అర్జీ దాఖలు చేసుకుంటే, 90 రోజులపాటు తమకు తెలియకుండా ఉత్తర్వు రాకుండా కొంత కాచుకోవచ్చు.

సరే, కోర్టు ఆ రెండేళ్ల నిషేధం ఎందుకు ఇవ్వలేదు? సంతకం ఉంది కదా? దీనికి జవాబు 150 ఏళ్ల కిందటి చట్టంలో ఉంది. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం 27వ సెక్షను ప్రకారం, ఎవరినైనా న్యాయమైన వృత్తి, వ్యాపారం చేసుకోకుండా అడ్డుకొనే ఒప్పందం ఆ మేరకు చెల్లదు. వ్యాపారాన్ని దాని పేరుప్రతిష్ఠలతో సహా అమ్మినవాడి విషయంలో మాత్రం మినహాయింపు ఉంది. మేము కాలేజీలో ఈ సెక్షను కంఠతా పట్టాము, పట్టి మరిచిపోయాము. ఇంకో ముచ్చట. ఈ సెక్షనుకు మూలం న్యూయార్కు రాష్ట్రానికి డేవిడ్ డడ్లీ ఫీల్డ్ అనే న్యాయవాది తయారు చేసిన ముసాయిదా. న్యూయార్కు దాన్ని తీసుకోలేదు గానీ, 1872లోనే అటు కాలిఫోర్నియా, ఇటు మన దేశం తీసుకున్నాయి. అందువల్ల సిలికాన్ వ్యాలీలో కంపెనీ మారే మన తెలుగు పిల్లవాడికీ, బొమ్మసంద్రలో గేటు మారే పిల్లవాడికీ ఈ విషయంలో దాదాపు ఒకే సూత్రం వర్తిస్తుంది.

అయితే ఈ సెక్షను ఉంది కదా, ఏ షరతూ నన్ను పట్టలేదు అనుకోవడం కూడా పొరపాటే. ఇక్కడ గోలికారి కేసు తెలుసుకోవాలి. వకీళ్లు ఈ రోజుకీ దీనితోనే మొదలుపెడతారు. మహారాష్ట్రలో కల్యాణ్ దగ్గర సెంచురీ స్పిన్నింగ్ కంపెనీకి టైర్లలో వాడే నూలు చేసే విభాగం ఉండేది. ఆ పరిజ్ఞానాన్ని హాలెండు, జర్మనీ కంపెనీల నుంచి 1,40,000 మార్కులకు తెచ్చుకుంది. మీ ఉద్యోగుల చేత కూడా రహస్యం కాపాడతామని రాయించుకోండి అని ఆ విదేశీ కంపెనీలు షరతు పెట్టాయి. 1963 మార్చిలో గోలికారి అనే ఉద్యోగి షిఫ్ట్ సూపర్‌వైజరుగా అయిదేళ్ల కాంట్రాక్టు మీద చేరారు. ఆ ఏడాది డిసెంబరు దాకా శిక్షణ పొందారు. 1964లో రాజస్థాన్‌లోని కోటాలో అదే నూలు చేసే రాజస్థాన్ రేయాన్ కంపెనీలో నెలకు 560 రూపాయల జీతానికి, పాతదానికన్నా ఎక్కువకు, ఉద్యోగం దొరికింది. అక్టోబరు 31 నుంచి మానేశానని నవంబరులో కబురు చేశారు. సెంచురీ కంపెనీ దావా వేసి, ఆరు నెలల జీతం కింద 2,410 రూపాయల నష్టపరిహారంతో పాటు, అయిదేళ్లు పూర్తయ్యే 1968 మార్చి 15 వరకు ఆయన మరెక్కడా ఏ పనీ చేయకూడదని అడిగింది.

కోర్టు అడిగినంతా ఇవ్వలేదు. కల్యాణ్ కోర్టులో మొదలైన ఆ కేసు బొంబాయి హైకోర్టు మీదుగా సుప్రీం కోర్టుకు వెళ్లి, 1967 జనవరి 17న తీర్పు వచ్చింది. జస్టిస్ షేలట్ గారు రాసిన ఆ తీర్పు నిషేధాజ్ఞను సమర్థించింది గానీ, ఆ నిషేధాజ్ఞ ఎంత కొలిచి ఇచ్చినదో చూడండి. పని టైరు నూలు తయారీలో షిఫ్ట్ సూపర్‌వైజరు పని, లేదా పేరు మార్చి అదే పని. గడువు 1968 మార్చి 15 దాకా, అంటే ఆయన ఒప్పుకున్న అయిదేళ్లకు మించి ఒక్క రోజు కూడా కాదు. వేరే పని చేసుకోవచ్చు. ఈ నిషేధం వల్ల ఆయన ఊరికే కూర్చోవలసిన గతి పట్టదని, పాత కంపెనీకే తిరిగి రావలసిన అగత్యం లేదని కోర్టు చూసుకుంది. రహస్యం సంగతి మాత్రం వేరు. ఆ గడువులోనూ, ఆ తరువాత కూడా, కంపెనీలో తెలుసుకున్న రహస్య సమాచారం బయటపెట్టకూడదని ఆంక్ష పెట్టారు. పని మీద నిషేధానికి తేదీ ఉంది, రహస్యం మీద నిషేధానికి తేదీ లేదు. ఈ ఒక్క భేదం అర్థమైతే ఈ పాఠంలో సగం అర్థమైనట్టే.

అక్కడ కాంట్రాక్టు కాలం ఇంకా మిగిలి ఉంది. ఉద్యోగం పూర్తిగా ముగిశాక పెట్టే నిషేధం విషయం 1980లో సుప్రీం కోర్టు ముందుకు వచ్చింది. కలకత్తాకు చెందిన సూపరింటెండెన్స్ కంపెనీ, మూర్గాయ్ అనే తన ఢిల్లీ బ్రాంచి మేనేజరును తానే తొలగించింది. ఆయన ఢిల్లీలోనే అదే వ్యాపారం పెట్టుకుంటే, వదిలిన రెండేళ్ల దాకా ఆ ఊళ్లో ఈ పని చేయకూడదన్న షరతు చూపి ఆపమంది. షరతులో "వదిలి వెళ్లాక" అని ఉంది, వదిలి వెళ్లడమంటే తనంతట తాను వెళ్లడం, మీరు పంపేస్తే ఆ షరతు వర్తించదు అని కోర్టు కంపెనీ అభ్యర్థనను తోసిపుచ్చింది. ముగ్గురిలో ఒకరైన జస్టిస్ సేన్ గారు మరో అడుగు ముందుకు వేసి, ఉద్యోగం ముగిశాక వర్తించే ఇలాంటి నిషేధం 27వ సెక్షను కింద చెల్లదని వివరంగా రాశారు. మన అబ్బాయి కాగితంలో రెండేళ్ల నిషేధం లేకపోవడానికి కారణం ఈ దారిలోనే ఉంది.

బాండు సంగతి చాలామంది తల్లిదండ్రులు అడుగుతారు కనుక ఇక్కడే చెబుతాను. ఇది బెంగళూరు ప్రధాన కార్యాలయంగా ఉండిన విజయా బ్యాంకు కేసు (ఆ బ్యాంకు 2019 ఏప్రిల్ 1న బ్యాంక్ ఆఫ్ బరోడాలో కలిసిపోయింది). మూడేళ్లలోపు మానేస్తే రెండు లక్షలు కట్టాలన్న షరతుతో ఒక అధికారి 2007లో సీనియర్ మేనేజరుగా చేరి, 2009లో ఐడిబిఐ బ్యాంకుకు మారారు. నిరసన తెలుపుతూనే రెండు లక్షలు కట్టి, తర్వాత కోర్టుకు వెళ్లారు. కర్ణాటక హైకోర్టులో గెలిచారు. 2025 మేలో సుప్రీం కోర్టు దాన్ని తిప్పివేసింది. ఆ తీర్పు రాసింది జస్టిస్ జోయ్‌మాల్య బాగ్చీ గారు. ఉద్యోగం సాగుతున్న కాలానికి పెట్టిన షరతు వేరు, ముగిశాక పెట్టే ఆంక్ష వేరు. ఈ బాండు మొదటి రకం, పైగా ఆయన మరో ఉద్యోగం చేసుకోకుండా ఇది ఆపలేదు అన్నారు. ప్రభుత్వ బ్యాంకు ఒక్క ఖాళీ నింపాలన్నా ప్రకటన ఇచ్చి, పరీక్ష పెట్టి, ఖర్చు పెట్టాలన్న సంగతి కూడా పరిగణించారు. కాబట్టి "బాండులన్నీ ఉత్తివే" అని వాట్సాప్‌లో వచ్చే మాటలు నమ్మి సంతకం పెట్టకండి. రెండు లక్షలు నిలిచిందని ప్రతి కంపెనీ రాసుకొనే ప్రతి అంకె నిలుస్తుందని కూడా కాదు. 74వ సెక్షను ప్రకారం కోర్టు ఇప్పించేది న్యాయమైన పరిహారమే, రాసిన అంకెకు మించి కాదు.

ఇక అసలు ప్రశ్న, ఏది రహస్యం? కంపెనీలు "అన్నీ రహస్యమే" అని రాసుకుంటాయి, అలా రాయగానే అయిపోదు. 1995 నుంచి మన దేశం కట్టుబడిన ట్రిప్స్ ఒప్పందంలో 39వ అధికరణం మూడు లక్షణాలు చెబుతుంది: ఆ సమాచారం ఆ రంగంలోని వారికి మామూలుగా తెలిసి ఉండకూడదు, రహస్యం కావడం వల్లే దానికి విలువ ఉండాలి, దాన్ని దాచుకోవడానికి యజమాని తగిన జాగ్రత్త తీసుకొని ఉండాలి. తాళం వేయని బీరువాలోది పోయిందని ఫిర్యాదు చేస్తే పోలీసులు కూడా ముందు తాళం సంగతే అడుగుతారు కదా.

ఖాతాదారుల జాబితా మీద ఢిల్లీ హైకోర్టు ఇచ్చిన రెండు తీర్పులు పక్కపక్కన పెట్టి చూస్తే విషయం తేటపడుతుంది. 1995లో బర్లింగ్టన్ హోమ్ షాపింగ్ అనే, పోస్టు ద్వారా వస్తువులు అమ్మే కంపెనీ ఒకటి, మానేసి సొంతంగా అదే వ్యాపారం పెట్టిన ఉద్యోగి మీద దావా వేసింది. కంపెనీ కష్టపడి కూర్చిన చిరునామాల కంప్యూటరు జాబితా అతని దగ్గర ప్రతిగా ఉంది. తరువాతి కాలంలో భారత ప్రధాన న్యాయమూర్తి అయిన లహోటీ గారు, అలా కూర్చిన జాబితాకు కాపీరైటు ఉంటుందని చెప్పి, వాడకుండా నిషేధం ఇచ్చారు. 2006లో అమెరికన్ ఎక్స్‌ప్రెస్ బ్యాంకు, మానేసి మరో బ్యాంకుకు వెళ్లిన అధికారిణి తన పాత ఖాతాదారులను కలవకుండా ఆపమని అడిగింది. కోర్టు ఇవ్వలేదు. ఏ బ్యాంకుకు వెళ్లాలన్నది ఖాతాదారు ఇష్టం, రహస్యం పేరు చెప్పి ఉద్యోగి మెరుగైన ఉద్యోగం వెతుక్కోవడాన్ని అడ్డుకోలేరు అంది. జాబితాను మక్కీకి మక్కీ ఎత్తుకుపోతే నిషేధం వచ్చింది. పరిచయం, పని నేర్పు మనిషితో వెళితే రాలేదు.

మా బ్యాంకు సంగతి కూడా కలుపుతాను. 1970 నాటి బ్యాంకుల జాతీయీకరణ చట్టం 13వ సెక్షను ప్రకారం, ప్రతి ఉద్యోగీ పనిలో చేరకముందే విశ్వాసం, గోప్యత పాటిస్తానని డిక్లరేషను సంతకం చేయాలి. నేనూ చేశాను. రిటైరై ఇన్నేళ్లయినా ఎవరి ఖాతాలో ఎంత ఉండేదో మా ఇంట్లో కూడా చెప్పలేదు, వాళ్లు అడగనూ లేదు. కానీ బ్యాలెన్సు షీటు చదవడం, లెక్క తేలని చోట తప్పు పట్టుకోవడం బ్యాంకు నేర్పింది కదా అని, ఆ విద్యను నేను కౌంటరు దగ్గర వదిలి రాలేదు. మన ట్రస్టు లెక్కలు దానితోనే చూస్తున్నాను.

ఫైళ్లు ఎత్తుకుపోతే ఎంతదాకా వెళుతుందో చెప్పడానికి అమెరికా ఉదాహరణ ఒకటి. గూగుల్ వారి డ్రైవరు లేని కార్ల విభాగంలో ఉన్న ఆంథొనీ లెవండౌస్కీ అనే ఇంజనీరు, 2016 జనవరిలో మానేసే ముందు సుమారు 14,000 ఫైళ్లు దించుకున్నాడని వేమో కంపెనీ ఉబర్ మీద 2017లో దావా వేసింది. ఆ ఏడాది మేలో జడ్జి విలియం ఆల్సప్, ఆ ఫైళ్లు తిరిగి ఇప్పించాలని, ఆ ప్రత్యేక పరికరం పనిలో అతన్ని దూరంగా ఉంచాలని ఆదేశించారు. అక్కడ కూడా ఉబర్ పరిశోధన మొత్తాన్ని ఆపలేదు. 2018 ఫిబ్రవరిలో కంపెనీలు రాజీపడ్డాయి. ఇంజనీరు మీద క్రిమినల్ కేసు వేరుగా నడిచి 2020లో 18 నెలల శిక్ష పడింది, 2021 జనవరిలో అధ్యక్షుడి క్షమాభిక్ష దొరికింది. మన పిల్లలకు క్షమాభిక్ష పెట్టే అధ్యక్షులు దొరకరు.

మళ్లీ మన అబ్బాయి దగ్గరికి వస్తాను. వాడు నిజంగా ఏమి చేశాడు? ఆఖరి వారంలో ఆఫీసు మెయిల్ నుంచి తన జీమెయిల్‌కు నలభై రెండు ఫైళ్లు పంపుకున్నాడు. అందులో జీతం స్లిప్పులు, శిక్షణలో తాను రాసుకున్న నోట్సు ఉన్నాయి, వాటితో పేచీ లేదు. కానీ ఏడు ఫైళ్లు ఏ రసాయనం ఎంత పాళ్లలో కలపాలో చెప్పే షీట్లు, ఒకటి సరఫరాదారుల రేట్ల పట్టిక. "ఇంటర్వ్యూల్లో అడుగుతారేమోనని దాచుకున్నాను అంకుల్, ఎవరికీ చూపించలేదు" అన్నాడు. నేను నమ్మాను. వకీలు గారు మాత్రం, ఉద్దేశం మంచిదే కావచ్చు, పంపుకోవడమే తప్పు అని ముఖం మీదే చెప్పారు. కవరు వచ్చిన రాత్రే వాడు ఆ మెయిళ్లన్నీ డిలీట్ చేయబోయాడట, చెల్లెలు ఆపింది. ఆ పిల్ల పుణ్యమా అని బతికిపోయాడు. ఉత్తర్వు వచ్చాక చెరిపితే సాక్ష్యం నాశనం చేసినట్టు, ఉత్తర్వు మీరినట్టు రెండూ అవుతాయి. పంపిన జాడ కంపెనీ సర్వరులో ఎలాగూ ఉంటుంది.

తరువాతి వాయిదాకు వాడు హాజరై అఫిడవిట్ వేశాడు. నలభై రెండు ఫైళ్ల పట్టిక ఇచ్చాడు, ప్రతి ఒక్కటి పెన్‌డ్రైవులో కోర్టుకు అప్పగించాడు, ఆ ఎనిమిదింటినీ వాడనని, చూపనని, కోర్టు చెప్పినప్పుడు చెరిపివేస్తానని హామీ ఇచ్చాడు. కొత్త కంపెనీలో తన పని నాణ్యత పరీక్ష మాత్రమేనని అక్కడి మేనేజరు ఇచ్చిన ఉత్తరం జత చేశాడు. ఆ మేనేజరు దగ్గరికి నేనూ వెళ్లి, నాలుగు రోజుల గైరుహాజరు నా తెలివితక్కువ సలహా వల్లేనని చెప్పి, రాతపూర్వకంగా ఇచ్చాను. ఆయన నవ్వి, మెమో వెనక్కి తీసుకున్నారు. పాత కంపెనీ రెండేళ్ల నిషేధం కోసం, నష్టపరిహారం కోసం ఒత్తిడి చేయలేదు. ఏడు నెలలకు కోర్టు ఆ హామీని నమోదు చేసి దావా ముగించింది. ఆ ఏడు నెలల్లో పద్నాలుగు రోజుల సెలవు, వకీలు ఖర్చులు, తండ్రి చీటీ ముందుగా పాడుకొని తెచ్చిన సొమ్ము పోయాయి. ఉద్యోగం నిలిచింది.

కాబట్టి మానేసే వారంలో మీ సొంత కాగితాలు కావాలంటే మెయిల్‌కు పంపుకోకుండా, హెచ్.ఆర్. వారిని అడిగి, జాబితా రాసి తీసుకోండి. ల్యాప్‌టాప్, ఐడీ కార్డు, కాగితాలు అప్పగించినట్టు రసీదు అడగండి. ఇంట్లో, ఫోనులో కంపెనీ ఫైళ్లు ఉంటే మానేయకముందే చెప్పి, వారు చెప్పినట్టు అప్పగించండి లేదా తీసివేయండి. కొత్త కంపెనీ వారు "పాత చోట రేటు ఎంత, పాళ్లు ఎంత" అని అడిగితే చెప్పలేనని మర్యాదగా చెప్పండి. చేరేటప్పుడు ఒరిజినల్ సర్టిఫికెట్లు చూపించి జిరాక్సులు ఇవ్వండి. కోర్టు కవరు వస్తే వచ్చిన తేదీ దాని మీద రాసి, వాయిదా తేదీ వెతికి, ఆ వారంలోనే వకీలును కలవండి. ఖర్చుకు భయపడి హాజరు కాకపోతే ఎదుటివారు చెప్పిందే మిగులుతుంది. 1987 నాటి లీగల్ సర్వీసెస్ చట్టం కింద స్త్రీలకు, ఎస్.సి., ఎస్.టి. వారికి ఆదాయంతో పనిలేకుండా, మిగతావారికి ఆదాయ పరిమితిని బట్టి ఉచితంగా వకీలును ఇస్తారు. తాలూకా కోర్టులోని కమిటీలో అడగండి.

వ్యాపార రహస్యాల కోసం విడిగా ఒక చట్టం తేవాలని లా కమిషన్ 2024 మార్చిలో తన 289వ నివేదికలో సిఫారసు చేసి, ముసాయిదా బిల్లు కూడా జతచేసింది. పైన చెప్పిన కేసులన్నీ కాంట్రాక్టు చట్టం, కాపీరైటు, న్యాయసూత్రాల ఆసరాతో కోర్టులు తేల్చినవే. కామర్సు, లా చదివే మన పిల్లలు ఆ నివేదిక ఒకసారి తిరగేస్తే మంచిది.

ఆ చెల్లెలు మన స్కాలర్‌షిప్‌తోనే ఎం.ఎస్‌సి. పూర్తి చేసింది. కిందటి జూన్‌లో ఆమెకు ఉద్యోగం వచ్చినప్పుడు తండ్రి ఆఫర్ లెటరు, ఒక పెన్సిలు పట్టుకొని మా ఇంటికి వచ్చారు. అప్పటికే ఆమె 11వ షరతు కింద గీత గీసి పెట్టుకుంది: మానేశాక ఏడాదిపాటు పోటీ కంపెనీలో చేరకూడదు. రహస్యం కాపాడతానన్న షరతుకు అభ్యంతరం లేదని, ఈ ఒక్కటి తీసివేయమని కోరుతూ హెచ్.ఆర్.కు ఉత్తరం ఆమే రాసింది, నేను అక్షరదోషాలు దిద్దాను. పది రోజులకు జవాబు వచ్చింది. 11వ షరతు తీసివేయలేదు గానీ, ఆమె చూసే ఒక్క ఉత్పత్తికి, ఆరు నెలలకు కుదించారు. వకీలు గారు చూసి, ఇదీ కోర్టులో నిలవడం కష్టమేనని, అయినా చేరవచ్చునని అన్నారు. ఆమె సంతకం పెట్టి ఒక ప్రతి తండ్రికి ఇచ్చింది. ఆయన దాన్ని ఇంటి పట్టా ఉన్న ట్రంకు పెట్టెలోనే పెట్టారు.